ముందు హెల్మెట్... తర్వాతే బోర్డు!

నాలుగు చక్రాలు, ఓ చెక్క పలక. చూడ్డానికి స్కేట్‌బోర్డు అంటే ఇంతే! కానీ దానిమీద నిలబడేది మీ ఇంటి ఆరేడేళ్ల చిన్నారి. అందుకే 'ఏ రంగు బోర్డు కొందాం' అనుకునే ముందు తెలుసుకోవాల్సిన సంగతులు చాలానే ఉన్నాయి.

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నలభయ్యేళ్లు దాటిన నాన్నల్ని కదిలించి చూడండి. చాలామందికి చిన్నప్పుడే ఓ 'సొంత వాహనం' ఉండేది. దాని పేరు బేరింగుల బండి! హైదరాబాద్-విజయవాడ రోడ్డు పక్కనో, జడ్చర్ల రోడ్డు పక్కనో లారీలు బాగుచేసే షెడ్డు ముందు కాసేపు తచ్చాడి, అరిగిపోయిన బేరింగులు మూడు సంపాదిస్తే చాలు. ముందొకటి, వెనక రెండు. పైన ఓ పలక, నాలుగు మేకులు. వాలుగా ఉన్న బాటమీద గరగరమంటూ దూసుకెళ్తుంటే ఊళ్లోవాళ్లంతా పక్కకు తప్పుకోవాల్సిందే. మోకాళ్లు చెక్కుకుపోతే ఇంటికెళ్లాక అవ్వ నాలుగు తిట్టి, ఇంత పసుపు అద్దేది.

ఇప్పుడు ఆ నాన్నల పిల్లలు ఫోన్లో వీడియోలు చూసి 'డాడీ, నాకూ స్కేట్‌బోర్డు కొనియ్యి' అని మారాం చేస్తున్నారు. పుట్టినరోజు వస్తోంది, దసరా సెలవులొస్తున్నాయి. ఆన్‌లైన్‌లో చూస్తే నాలుగైదు వందల నుంచీ కనిపిస్తున్నాయి. 'మేం బేరింగుల బండి తొక్కలేదా ఏంటి, కొనేద్దాం' అనిపించడం సహజమే. కానీ రెంటికీ ఓ పెద్ద తేడా ఉంది. బేరింగుల బండిమీద కూర్చునేవాళ్లు. స్కేట్‌బోర్డుమీద నిలబడాలి! కూర్చుని పడితే మోకాలో మోచెయ్యో గీసుకుంటుంది. నిలబడి వేగంగా వెళ్తూ పడితే నేలకు ముందు తగిలేది అరచెయ్యి, ఆ తర్వాత తల. కొనే సామాను జాబితా మొత్తాన్నీ ఈ ఒక్క తేడాయే నిర్ణయిస్తుంది.

అలల నుంచి ఒలింపిక్స్‌దాకా

నిజానికి స్కేట్‌బోర్డు కూడా బేరింగుల బండిలాగే ఇంట్లో పుట్టిన ఆటే. 1950ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో అలలమీద తేలే సర్ఫింగ్ కుర్రాళ్లు, సముద్రంలో అలలు లేని రోజుల్లో ఏంచేయాలో తోచక చెక్క పలకలకు చక్రాల బూట్ల చక్రాలు బిగించుకున్నారు. అప్పట్లో ఆ చక్రాలు ఇనుముతోనో, గట్టి మట్టితోనో చేసినవి. చిన్న రాయి తగిలితే చాలు, బోర్డు అక్కడే ఆగిపోయేది... మనిషి మాత్రం ముందుకెళ్లి పడేవాడు. 1970ల్లో పాలీయురిథేన్ చక్రాలు వచ్చాకే ఆట నిలదొక్కుకుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌తో తొలిసారి ఒలింపిక్ క్రీడ అయింది. మహిళల స్ట్రీట్ విభాగంలో బంగారు పతకం గెలిచిన జపాన్ అమ్మాయి మోమిజి నిషియాకు అప్పుడు పదమూడేళ్లు. పార్క్ విభాగంలో రజతం గెలిచిన కొకొనా హిరాకికి పన్నెండే!

ఇక్కడో చిన్న స్పష్టత. మన పట్టణాల్లో వేసవి శిబిరాల్లో 'స్కేటింగ్' పేరుతో నేర్పేది ఎక్కువగా కాళ్లకు తొడుక్కునే చక్రాల బూట్ల ఆట. అందులో తెలుగువాళ్ల ఘనత తక్కువేం కాదు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా కాంస్యాలు తెచ్చాడు. స్కేట్‌బోర్డు వేరు. ఇందులో కాళ్లకు ఏదీ కట్టి ఉండదు. బోర్డు ఏ క్షణంలోనైనా కాళ్లకింద నుంచి జారిపోవచ్చు. నల్గొండ, పాలమూరు పట్టణాల్లో దీనికంటూ శిక్షకుడు దొరకడం కష్టం కాబట్టి తొలి గురువులు అమ్మానాన్నలే.

ఏ వయసులో?

అయిదేళ్లలోపు పిల్లలకు స్కేట్‌బోర్డు అసలు వద్దంటుంది అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్యుల సంఘం. ఆరు నుంచి పదేళ్లదాకా పెద్దవాళ్లు పక్కనే ఉండి గమనిస్తుంటేనే ఆడించమంటుంది. కారణం లేకపోలేదు. పసివాళ్లకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువైంది. అందుకే తూలితే నిలదొక్కుకోలేరు. ఎదురొచ్చే ఆటో ఎంత దూరంలో ఉందో, తమకెంత చాతనవుతుందో అంచనా వేసుకోలేరు.

వయసుతోపాటు మరో రెండు పరీక్షలు పెట్టండి. ఒంటికాలిమీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడగలగాలి. 'ఆగు' అన్నప్పుడు ఆగే అలవాటుండాలి. ఈ రెండూ లేకపోతే ఇంకో ఏడాది ఆగినా కొంపేం మునిగిపోదు.

మన నేలను చూసి కొనాలి

దుకాణానికి వెళ్లేముందు ఇంటి చుట్టుపక్కల ఓసారి నడిచి చూడండి. వాడు ఎక్కడ ఆడతాడు? ఆ నేల ఎలా ఉంది? ఏ బోర్డు కొనాలో చెప్పేది నేలే!

మన మెట్ట ప్రాంతంలో మొరం రాళ్లకు కొదవలేదు. సిమెంటు రోడ్డు నున్నగానే కనిపిస్తుంది కానీ అంచుల్లో ఇసుక, మధ్యలో పగుళ్లు, పది ఇళ్లకో స్పీడ్‌బ్రేకర్. పైగా బైకులు, ట్రాక్టర్లు. కోతల కాలంలో సగం రోడ్డుమీద వడ్లు ఆరబోసి ఉంటాయి. కాబట్టి రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా అది ఆటస్థలం కాదు. షాబాద్ బండలు పరిచిన వాకిట్లో బండకూ బండకూ మధ్య సందులో చక్రం ఇరుక్కుంటుంది. మిద్దెమీద నున్నగానే ఉంటుంది... కానీ పిట్టగోడ మోకాలెత్తే ఉంటే ఆ ఆలోచనే వద్దు. 2022 నుంచి ఊరూరా వచ్చిన క్రీడా ప్రాంగణాల్లో ఉండేది మట్టి నేల. కబడ్డీకి, వాలీబాల్‌కు బాగుంటుంది తప్ప చక్రాలు కదలవు.

మరెక్కడ? బడిలో సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటే దానికి మించింది లేదు. సెలవు రోజున ప్రధానోపాధ్యాయుణ్ని అడిగి చూడండి. ఊళ్లో అయితే ఉపాధి హామీ పథకం కింద రైతులు కట్టించుకున్న సిమెంటు కల్లాలు పంట లేని నెలల్లో ఖాళీగా ఉంటాయి. అడిగితే కాదనే రైతు తక్కువే. అయితే అంచున ఎత్తు ఎంతుందో చూసుకుని, అక్కడో పెద్దమనిషి నిలబడాలి. ఎక్కడైనా సరే, ఆటకు ముందు చీపురుతో ఓసారి ఊడవడం మర్చిపోవద్దు. శనగగింజంత రాయి చాలు, పిల్లాడు బోర్లాపడ్డానికి!

బోర్డులో ఏం చూడాలి?

వెడల్పు: ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు సుమారు 7 అంగుళాలు, తొమ్మిది నుంచి పన్నెండేళ్లవాళ్లకు 7.25 నుంచి 7.5 అంగుళాలు సరిపోతుంది. పొడవు 28 నుంచి 30 అంగుళాలు. రంగురంగుల్లో ముద్దుగా కనిపించే 22 అంగుళాల ప్లాస్టిక్ బోర్డులు సంచిలో పట్టేస్తాయి గానీ, ఇరుగ్గా ఉండి చప్పున తిరుగుతాయి. తొలి బోర్డుగా అవి పనికిరావు.

పలక: ఏడు పొరల మేపుల్ చెక్కను అతికించి చేసిన పలకలు మన్నుతాయి. పక్కనుంచి చూస్తే పొరలు లెక్కపెట్టొచ్చు. పైన గరుకు కాగితంలాంటి పట్టీ అంచులదాకా అతుక్కుని ఉండాలి. పాదం జారకుండా పట్టి ఉంచేది అదే.

ఇరుసులు: చక్రాలను పలకకు కలిపే లోహపు భాగాల్ని ట్రక్కులంటారు. ఇవి అల్యూమినియంవై ఉండాలి. ప్లాస్టిక్‌వి అయితే అక్కడే వదిలేయండి. పలక ఎంత వెడల్పుందో ఇరుసులూ దాదాపు అంతే ఉండాలి. చక్రాలు పలక దాటి బయటికి పొడుచుకు రాకూడదు, మరీ లోపలికీ ఉండకూడదు. కొత్తలో మధ్య నట్టును కాస్త బిగించి ఉంచితే బోర్డు అటూఇటూ ఊగదు. పిల్లాడికి పట్టు దొరికాక కొద్దికొద్దిగా వదులు చేయొచ్చు.

చక్రాలు: మన నేలకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. చక్రం మెత్తదనాన్ని అంకె పక్కన 'ఏ' అక్షరంతో సూచిస్తారు. అంకె తగ్గేకొద్దీ మెత్తన. పోటీల్లో విన్యాసాలు చేసేవాళ్లు 99ఏ లాంటి గట్టి చక్రాలు వాడతారు. అవి అద్దంలాంటి నేలకే. మన సిమెంటు నేలమీద 78ఏ నుంచి 85ఏ మధ్య, 54-56 మిల్లీమీటర్ల చక్రాలైతే చిన్న గతుకుల్ని మింగేస్తాయి. పెట్టెమీద ఈ అంకెలేవీ లేకపోతే, చక్రం గట్టి ప్లాస్టిక్‌లా టకటకమంటుంటే అది బొమ్మ అని అర్థం.

బేరింగులు: నాన్నకు బాగా తెలిసిన సంగతి! స్కేట్‌బోర్డుకు వాడేది 608 అనే సైజు... బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 8. చిన్న మోటార్లలోనూ వాడే సైజే కాబట్టి పాడైతే బేరింగుల దుకాణంలో అడిగి చూడొచ్చు. వానలో తడిస్తే తుప్పు పట్టి మొరాయిస్తాయి. తడి నేలమీద ఆడొద్దనడానికి ఇదో కారణం, జారిపడ్డం మరో కారణం.

దుకాణంలోనే ఓ చిన్న పరీక్ష చేయండి. బోర్డును తిరగేసి చక్రాన్ని వేలితో తిప్పండి. రెండు మూడు సెకన్లకే ఆగిపోతే వదిలేయండి. నేలమీద పెట్టి ఒక పక్క కాలితో నొక్కండి. కొద్దిగా ఒరిగి, వదలగానే తిరిగి నిలబడాలి. అసలు ఒరగకపోతే మలుపు తిరగదు. ఎంత బరువు ఆగుతుందో రాసి ఉందా? ఎనిమిది బోల్టులూ బిగువుగా ఉన్నాయా? అన్నీ సరే అంటేనే డబ్బు తీయండి. ఆన్‌లైన్‌లో కొనాల్సివస్తే వాపసు తీసుకుంటారో లేదో ముందే చూసుకోండి.

తలకు కొలత... 'పెరుగుతాడు కదా' అనొద్దు!

బ్రిటన్ తరఫున ఆడే స్కై బ్రౌన్ 2020లో పదకొండేళ్ల వయసులో సాధన చేస్తూ పెద్ద ఎత్తు నుంచి పడిపోయింది. పుర్రె చిట్లింది, ఎడమ మణికట్టు విరిగింది. హెల్మెట్, అడ్డుపెట్టిన చెయ్యి లేకపోతే ఆ అమ్మాయి బతికేదే కాదన్నాడు తండ్రి. మరుసటి ఏడాది అదే అమ్మాయి టోక్యోలో కాంస్యం గెలిచింది. ప్రపంచ స్థాయి క్రీడాకారిణికే హెల్మెట్ ప్రాణం పోసిందంటే, నిన్నగాక మొన్న బోర్డెక్కిన పిల్లల సంగతి చెప్పాలా?

మన ఇళ్లలో బడి యూనిఫాం, బూట్లు ఓ సైజు పెద్దవి కొనడం మామూలే. 'వచ్చే ఏడాదికీ పనికొస్తుంది' అనుకుంటాం. హెల్మెట్ విషయంలో ఆ లెక్క పనికిరాదు. వదులైన హెల్మెట్ పడగానే వెనక్కి జారి, నుదురును నేలకు వదిలేస్తుంది. టేపుతో కనుబొమలకు కాస్త పైన తలచుట్టూ కొలిచి, ఆ సెంటీమీటర్లకు తగ్గ సైజే తీసుకోండి. తొడిగాక కనుబొమలకూ హెల్మెట్ అంచుకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. పట్టీలు చెవుల కింద ఆంగ్ల 'వీ' అక్షరంలా కలవాలి. గడ్డం కింద ఒకటి రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. పట్టీ పెట్టి తల అటూఇటూ విదిలించమనండి, కదలకూడదు. ఆడపిల్లలకైతే జడ మెడ దగ్గర కిందికి వేయండి. నడినెత్తిన పిలక ఉంటే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. లోపల టోపీలు, రుమాళ్లు వద్దు.

లోపలి వైపు చీటీమీద ఈఎన్ 1078 గానీ, ఏఎస్‌టీఎం ఎఫ్ 1492 గానీ ఉందేమో చూడండి. మొదటిది సైకిల్, స్కేట్‌బోర్డు హెల్మెట్లకు ఐరోపా ప్రమాణం. రెండోది ప్రత్యేకించి స్కేట్‌బోర్డు హెల్మెట్లకు అమెరికా ప్రమాణం. నాన్న బైకు హెల్మెట్ ఐఎస్‌ఐ ముద్ర ఉన్నదే అయినా పిల్లలకు పెట్టకూడదు. ఆ బరువుకు మెడ వాలిపోతుంది. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా లోపలి నురుగు పొర నలిగిపోయి ఉంటుంది. మార్చేయాల్సిందే. అందుకే బోర్డు ఎవరి దగ్గరైనా పాతది తీసుకోండి, ఫర్వాలేదు. హెల్మెట్ మాత్రం పాతది వద్దు.

చేతులు, మోకాళ్లు, పాదాలు

పడుతున్నప్పుడు చెయ్యి ఆనించడం మనిషి సహజ గుణం. అందుకే మణికట్టు ఎముకలు ఎక్కువగా విరుగుతుంటాయి. అరచేతి కింద గట్టి ప్లాస్టిక్ పట్టీ ఉన్న మణికట్టు కవచాలు తీసుకోండి. ఉత్త గుడ్డ తొడుగులు చర్మాన్ని కాపాడతాయేమో గానీ ఎముకను కాదు. మోకాలి, మోచేతి కవచాలకు పైన గట్టి చిప్ప, లోపల మెత్తటి పొర ఉండాలి. తొడిగాక గుంజిళ్లు తీయించండి. కిందికి జారితే సైజు పెద్దది, కాళ్లు ఎర్రబడితే బిగుతు ఎక్కువ. ఈ కవచాలకు ఐరోపా ప్రమాణం ఈఎన్ 14120.

పాదరక్షల కోసం కొత్తగా ఖర్చు పెట్టక్కర్లేదు. శనివారం బడికి వేసుకెళ్లే తెల్ల కాన్వాసు బూట్లు చాలు! అడుగు చదునుగా, రబ్బరుతో ఉంటుంది కాబట్టి పట్టు దొరుకుతుంది. లేసులు లోపలికి దోపాలి. చెప్పులతో, వట్టి కాళ్లతో వద్దేవద్దు.

తొలి పాఠం... పడడం!

మొదటి రోజు బోర్డు ఎక్కించకండి. పరుపుమీద పడడం నేర్పండి. మోకాళ్లు వంచి, ఒళ్లు ముడుచుకుని, పక్కకు దొర్లాలి. చేతులు బిగబట్టి ముందుకు చాచకూడదు. ఆ తర్వాత గడ్డిమీదో, దళసరి చాపమీదో బోర్డు పెట్టి ఎక్కడం, దిగడం. అక్కడ చక్రాలు కదలవు కాబట్టి భయం పోతుంది.

ఏ కాలు ముందుంచాలి? వెనకనుంచి మెల్లగా నెట్టండి. పడిపోకుండా ముందుకు ఏ కాలు వేస్తే సాధారణంగా అదే ముందుకాలు. కుడికాలు ముందొచ్చినా తప్పేం కాదు, బలవంతంగా మార్చొద్దు. చదును నేలమీదకు వచ్చాక పక్కనే నడుస్తూ నడుం దగ్గర పట్టుకోండి. చెయ్యి పట్టి ముందుకు లాగితే తూలిపోతారు. నెట్టుకోవడం కంటే ముందు ఆగడం రావాలి. వెనక కాలిని నేలకు మెల్లగా రాస్తూ వేగం తగ్గించడం, లేదా వేగం తక్కువున్నప్పుడే దిగి నడిచేయడం. ఇది వచ్చేదాకా వాలు జోలికి వెళ్లొద్దు.

అరగంట ఆట చాలు. వేసవిలో అయితే పొద్దున్నే, లేదా ఎండ చల్లబడ్డాక. బైకునో ఆటోనో పట్టుకుని వెళ్లడం, ఒకే బోర్డుమీద ఇద్దరెక్కడం, చెవుల్లో పాటలు... ఈ మూడూ నిషేధం. చక్రాల చప్పుడుకు వీధికుక్కలు వెంటపడొచ్చు. అప్పుడు వేగం పెంచకుండా దిగి కదలక నిలబడమని ముందే చెప్పి ఉంచండి.

అమ్మాయిలకెందుకు అంటారా?

తమిళనాడులోని మహాబలిపురంలో ఒంటరి తల్లి పెంచిన కమలి మూర్తి అనే చిన్నారి గౌనుతోనే స్కేట్‌బోర్డుమీద జారుతున్న ఫొటో ప్రపంచమంతా చుట్టింది. ఆమెమీద సాషా రెయిన్‌బో తీసిన లఘుచిత్రం 2020లో బాఫ్టా అవార్డుల తుది జాబితాకెక్కింది. మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలోని జన్వార్ అనే పల్లెలో జర్మనీకి చెందిన ఉల్రికే రైన్‌హార్డ్ 2015లో స్కేట్ పార్కు కట్టించారు. అక్కడ రెండే నియమాలు. బడికి వెళ్లకపోతే బోర్డు లేదు. ఆడపిల్లలకే మొదటి అవకాశం! ఆ ఊరి ఆదివాసీ అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో ప్రపంచ పోటీలదాకా వెళ్లింది. అన్నకు బోర్డు, చెల్లెలికి చప్పట్లు కొట్టే పని అనే ఇంట్లో ఈ సంగతి చెప్పుకోవాల్సిందే.

దెబ్బ తగిలితే...

మణికట్టు వాచినా, కదిపితే పిల్లలు ఏడుస్తున్నా నూనె రాసి మర్దన చేయడం, లాగి సరిచేయడం వద్దు. ఎదిగే పిల్లల ఎముకల కొసల్లో మెత్తటి పెరుగుదల పొర ఉంటుంది. దానికి దెబ్బ తగిలి, సరిగా అతకకపోతే చెయ్యి వంకరగా ఎదిగే ప్రమాదముంది. మడతపెట్టిన వార్తాపత్రికనో అట్టనో కింద ఆనించి మెత్తగా కట్టి, మెడకు వేలాడదీసి ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. కట్టు వేయించడం ఆ తర్వాతి మాట.

తలకు దెబ్బ తగిలాక స్పృహ తప్పినా, వాంతులైనా, మాట తడబడినా, మత్తుగా ఉన్నా 'కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే' అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోయినా ఒకట్రెండు రోజులు గమనిస్తూ ఉండండి.

డబ్బు సరిపోకపోతే?

అన్నీ ఒకేసారి కొనడం అందరికీ కుదరదు. అలాంటప్పుడు వరుస ఇది: మొదట హెల్మెట్, తర్వాత మణికట్టు కవచాలు, ఆపైన మోకాలి-మోచేతి కవచాలు, చివరగా బోర్డు. ఉన్న డబ్బుతో కవచాలే వస్తే అవే కొనండి. సైకిల్ తొక్కేటప్పుడూ అక్కరకొస్తాయి. బోర్డు వచ్చే పండక్కి! నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లే. పని మీద వెళ్లినప్పుడు పిల్లల్ని వెంట తీసుకెళ్లి, పెద్ద క్రీడా దుకాణంలో తలకు పెట్టి చూసి మరీ కొంటే సైజు తేడా రాదు.

ఇక ఆఖరి మాట అమ్మానాన్నలకు. నాలుగేళ్లు దాటిన ఎవరైనా ద్విచక్రవాహనంమీద హెల్మెట్ పెట్టుకోవాలని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. నాన్న మాత్రం దాన్ని బైకు అద్దానికి తగిలించి బజారుకు వెళ్తుంటే, బోర్డెక్కే పిల్లాడికి ఎన్ని చెప్పినా చెవికెక్కదు. ఇంట్లో బైకు తాళంచెవి తగిలించే మేకు పక్కనే ఇంకో రెండు మేకులు కొట్టండి. ఒకటి పెద్ద హెల్మెట్‌కు, ఇంకోటి చిన్నదానికి. బయటికి కదిలేముందు రెండూ ఖాళీ అవ్వాలి!